షుగర్ యాప్: ఆఫీసులో అందరికీ నచ్చింది, మా అమ్మ మూడో రోజుకే పక్కన పెట్టేసింది

పెన్సిల్_మొన · శనివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో యాప్‌లకి స్క్రీన్లు డిజైన్ చేస్తాను. మేం నలుగురం కలిసి ఏడాదిగా షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ళ కోసం ఒక యాప్ తయారుచేస్తున్నాం. పేరు చెప్పను, ప్రచారం అనుకుంటారు.

ఆఫీసులో ఐదుగురి చేత వాడించి చూశాం. ఐదుగురు వాడితే చాలా లోపాలు బయటపడతాయని డిజైన్ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన మాటని మా రంగంలో అందరూ మంత్రంలా వల్లిస్తారు. మా ఐదుగురికీ ఏ ఇబ్బందీ రాలేదు. వాడటం ఎంత తేలికో వందకి కొలిచే పది ప్రశ్నల ఎస్‌యూఎస్ ఫారం నింపిస్తే సగటు 88 వచ్చింది. మామూలు యాప్‌కి 68 అంటారు. బిర్యానీ తెప్పించుకుని తిన్నాం.

దసరాకి తెనాలి వెళ్ళి అమ్మ ఫోన్‌లో వేశాను. అమ్మకి 67 ఏళ్ళు, పదకొండేళ్ళుగా షుగర్. వాట్సాప్ బాగా వాడుతుంది, యూట్యూబ్‌లో ప్రవచనాలు తనే వెతుక్కుంటుంది. అంటే ఫోన్ రాక కాదు. మొదటి రోజు నేను పక్కనే ఉన్నాను, రీడింగ్ ఎక్కించింది. రెండో రోజూ ఎక్కించింది. మూడో రోజు నుంచి ఏమీ లేదు. ఫోన్ చేస్తే "చూసుకుంటున్నాలే నాన్నా" అంటుంది. సర్వర్‌లో చూస్తే ఖాళీ.

స్క్రీన్ల ఫొటోలు కింద పెట్టాను. మొహమాటం లేకుండా తిట్టండి.

---

గోడగడియారం · శనివారం రాత్రి 10:40

మీ అమ్మగారి వంటింట్లో క్యాలెండర్ చూశారా? తిథుల పక్కన ఏమైనా రాసి ఉందేమో. మా నాన్న పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ, షుగర్ అన్నీ అక్కడే రాసేవారు. ఊరికే అడుగుతున్నా.

---

వరంగల్_మందులషాపు · ఆదివారం ఉదయం 7:20

డిజైన్ సంగతి నాకు తెలీదు కానీ ఇరవై రెండేళ్ళుగా మందులు అమ్ముతున్నా. మీ రెండో స్క్రీన్‌లో "మందు పేరు టైప్ చేయండి" అని ఉంది. పెద్దవాళ్ళలో మందుని పేరుతో అడిగేవాళ్ళు నా కౌంటర్ దగ్గర తక్కువ. "షుగర్‌ది తెల్ల గోలి, పొడుగ్గా ఉంటది", "బీపీది చిన్న గులాబీ గోలి" అంటారు. లేదంటే ఖాళీ షీటు తెచ్చి చూపిస్తారు. అందులోనూ తిప్పలే. పది గోలీల షీటులో నాలుగు కావాలంటే నేనే కత్తిరించి ఇస్తాను, పేరున్న ముక్క ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

ఇంకో సంగతి. మెట్‌ఫార్మిన్ 500 అని రాసినా ఈ నెల ఒక కంపెనీది ఉంటది, వచ్చే నెల ఇంకో కంపెనీది. రంగు మారుతుంది, పేరు మారుతుంది. మీ యాప్ పాత పేరే గుర్తుచేస్తూ ఉంటే? ఒక పెద్దాయన పాత షీటులో మిగిలినవి ఒకటి, కొత్త షీటులోంచి ఒకటి కలిపి మింగాడు. రెండూ ఒకే మందు. యాప్ లేకుండానే ఇంత జరిగింది.

చీటీ మీద 1-0-1 అని ఉంటే జనానికి అర్థం కాదు. కవరు మీద సూర్యుడు, చంద్రుడు గీసి ఇస్తా. మీ యాప్ ఉదయం 8:00కి మోగుతుందంట. టిఫిన్ తొమ్మిదిన్నరకి తింటే ఏం చెయ్యాలి?

---

లీడ్స్_తమ్ముడు · ఆదివారం మధ్యాహ్నం 2:05

యూనిట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నా కథ. నాన్న గుంటూరులో, నేను ఇంగ్లండ్‌లో. ఇక్కడ షుగర్ మిల్లీమోల్స్‌లో చెబుతారు, మన దగ్గర మిల్లీగ్రాముల్లో. ఇక్కడి అంకెని 18తో గుణిస్తే అక్కడిది వస్తుంది. ఒక విదేశీ యాప్‌ని నేనే ఇక్కడ సెట్ చేసి నాన్న ఫోన్‌లో పెట్టించాను, యూనిట్ మార్చడం మర్చిపోయాను. ఆయన మీటరులో 126 వచ్చింది. అదే కొడితే యాప్ తీసుకోలేదు. మా నాన్న సాంబశివుడు తెలివైనవాడు కదా, మధ్యలో చుక్క పెట్టి 12.6 కొట్టారు. అంటే 227! స్క్రీన్ ఎర్రగా మారి వెంటనే డాక్టర్‌ని కలవమంది. ఆ రాత్రి రెండు దేశాల్లోనూ నిద్రల్లేవు. అసలు రీడింగ్ ఇక్కడి లెక్కలో 7, అంతే.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళు తమ వెబ్‌సైట్‌లో మల మూత్రాలకి చిన్నపిల్లలు వాడే మాటలే రాస్తారు. అదే వాళ్ళ రాత నియమం కూడా, ఎందుకంటే ఆ మాటలు తెలియనివాళ్ళు ఉండరు. మీ స్క్రీన్‌లో "భోజనానంతర రక్త శర్కర స్థాయి" అని ఉంది. ఎవరు బాబూ ఈ ఇంట్లో అలా మాట్లాడేది? "తిన్న రెండు గంటలకి" అంటే పోయేదానికి.

---

సబ్‌సెంటర్_అక్క · ఆదివారం సాయంత్రం 6:30

తమ్ముడూ, నేను ఏఎన్‌ఎంని. ఒకటే ప్రశ్న: ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?

ఎందుకు అడుగుతున్నానంటే నా సగం రోజు అక్కడే పోతుంది. ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు తీయాలంటే ఎక్కువగా ఆధార్ ఓటీపీ కావాలి. ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరు కొడుకుది, కొడుకు బెంగళూరులో. లేదా ఎప్పుడో పారేసిన సిమ్ముది. ముసలమ్మ నా ముందు కూర్చుని ఉంటుంది, నేను బెంగళూరుకి ఫోన్ చేసి "బాబూ, ఇప్పుడొక నంబరు వచ్చింది చూడు" అంటాను. వాడు నన్ను మోసగత్తె అనుకుని పెట్టేస్తాడు. వాడి తప్పు కాదు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ వినిపిస్తున్నది మనమే కదా.

ముప్పై దాటిన ప్రతి మనిషికీ ఆశా కార్యకర్తలూ మేమూ కలిసి సీబ్యాక్ అని ఒక ఫారం నింపాలి. పొగాకు, మద్యం, నడుము కొలత, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని మార్కులు వేస్తాం. నాలుగు దాటితే ముందుగా పరీక్షలకి పంపాలి. అందులో వారానికి 150 నిమిషాల వ్యాయామం ఉందా అని ఒక ప్రశ్న. పొద్దున్నుంచి నడుం వంచి నాట్లు వేసి వచ్చిన మనిషిని ఆ మాట అడిగితే ఎలా చూస్తుందో మీరు ఒకసారి నాతో వచ్చి చూడాలి. ఇప్పుడు నేను "రోజూ పొలానికి వెళ్తావా, ఎంతసేపు చేస్తావు" అని అడిగి, నేనే లెక్కేసుకుని నింపుతా. ఫారం అదే, అడిగే తీరే మార్చుకున్నాను.

---

పెన్సిల్_మొన · ఆదివారం రాత్రి 11:50

అక్కా, మీ ప్రశ్న చదివి నా ఫోన్‌లో పాత మెసేజ్‌లు తీశాను. మూడో రోజు తెల్లవారుజామున 6:12కి ఒకటి, 6:14కి ఒకటి, 6:17కి ఒకటి. మూడూ మా యాప్ ఓటీపీలే.

అమ్మ ఫోన్‌లో వేసేటప్పుడు తొందరలో నా నంబరు ఇచ్చాను. భద్రత కోసమని 48 గంటలకి దానంతటదే లాగౌట్ అయ్యేలా పెట్టింది కూడా మేమే. ఆఫీసులో పరీక్ష అరగంటలో అయిపోయింది కాబట్టి ఆ లాగౌట్ ఎవరికీ ఎదురుపడలేదు. అమ్మ మూడుసార్లు ప్రయత్నించింది. ఇప్పుడే ఫోన్ చేసి అడిగితే "నువ్వు పడుకునుంటావని లేపలేదు" అంది.

గోడగడియారం గారూ, మా సొంత అక్క చేత వంటింటి క్యాలెండర్ ఫొటో తెప్పించాను. ఒక్క రోజు కూడా వదల్లేదు. "ప 142", "తి 210" అని నీలం పెన్నుతో. ప అంటే పరగడుపు, తి అంటే తిన్నాక. పెన్ను దారంతో మేకుకి వేలాడుతోంది. మా యాప్‌లో అదే పనికి పదకొండు నొక్కుళ్ళు.

ఒక చిన్న తేడా మాత్రం ఉంది. రెండో రోజు క్యాలెండర్‌లో 168, యాప్‌లో 118. అంకెలు చిన్నవిగా ఉండి తప్పు నొక్కినట్టుంది. కీబోర్డు పెద్దది చేస్తాం.

---

నీలాంబరి · సోమవారం ఉదయం 9:10

తప్పు నొక్కడం కాదండీ అది.

మీ మూడో స్క్రీన్ చూడండి. 130 లోపు ఉంటే ఆకుపచ్చ నవ్వు ముఖం, దాటితే ఎర్రగా ఏడుపు ముఖం, కింద "మీ కుటుంబ సభ్యులకు తెలియజేశాం". పండగపూట బొబ్బట్టు తిన్న మనిషి, హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఏడుపు ముఖం పంపుతుందా? 118 పంపుతుంది. క్యాలెండర్ ఎవరికీ ఫిర్యాదు చెయ్యదు కాబట్టి దానికి నిజం చెప్పింది.

పోతే, "సర్వర్‌లో చూస్తే ఖాళీ" అని మామూలుగా రాసేశారు. ఆవిడ రీడింగులు మీరు చూస్తారని ఆవిడకి తెలుసా? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఉండాలి. మీ అనుమతి స్క్రీన్ ఒక్కటీ ఇంగ్లీషులోనే ఉంది. మిగతాదంతా తెలుగు చేసి అది వదిలేశారు.

ఇంటికి ఒకటే ఫోన్ ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. నాకు తెలిసినావిడ ఒకరు డిప్రెషన్‌కి మందు వాడుతోంది. ఏదో యాప్ లాక్ స్క్రీన్ మీదే మందు పేరుతో సహా గుర్తుచేసింది, ఆ సమయంలో ఫోన్ అత్తగారి చేతిలో ఉంది. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను. "మీకొక రిమైండర్ ఉంది" అని మాత్రం కనిపిస్తే ఏం పోయేది?

---

పెన్సిల్_మొన · సోమవారం ఉదయం 9:45

మేడం, కొంచెం గట్టిగానే తగిలింది. కానీ కుటుంబానికి తెలియజేయడం లేకపోతే ఈ యాప్ ఎందుకు? డబ్బు కట్టేది కొడుకులూ కూతుళ్ళే.

---

నీలాంబరి · సోమవారం ఉదయం 9:52

ఇప్పుడు అసలు మాట చెప్పారు. ఇన్నాళ్ళూ మీరు డిజైన్ చేసింది కొడుక్కి. వేలు గుచ్చుకునేది మాత్రం అమ్మ.

---

గోదారి_డాక్టరు · సోమవారం రాత్రి 9:30

ఓపీ ఇప్పుడే అయింది. డాక్టరు వైపు నుంచి నాలుగు మాటలు.

నాకు మీ రంగుల గ్రాఫ్ అక్కర్లేదు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు దొరుకుతాయి. పద్నాలుగు రోజులవి, రెండు నిలువు వరసల్లో, పరగడుపువి ఒకవైపు, తిన్నాకవి ఒకవైపు ఇవ్వండి చాలు. మీ అమ్మగారి క్యాలెండర్ ఫొటో వాట్సాప్‌లో పంపితే నేను ఆనందంగా చూస్తాను. దయచేసి సగటు మాత్రం ముందు పెట్టకండి. ఒకరోజు 52, మర్నాడు 248 ఉన్న మనిషికి సగటు 150 వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నాకు భయం వేసేది ఆ 52 చూసి. డెబ్బై కన్నా తగ్గినవన్నీ నా కంటికి మొదట కనిపించాలి.

మీ ఇన్సులిన్ స్క్రీన్ "ఎన్ని యూనిట్లు?" అని మాత్రమే అడుగుతోంది. మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, పెన్నులవి 100వి. సిరంజీలు కూడా రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. నలభై సిరంజీలో 20 గీత దాకా అంటే అర మిల్లీలీటరు. సీసాలో ఉన్నది 100ది అయితే లోపలికి వెళ్ళేది 50 యూనిట్లు. తిరగేసి, నలభై సీసాని వంద సిరంజీతో 20 గీత దాకా తీస్తే వెళ్ళేది ఎనిమిదే. రెండు సందర్భాల్లోనూ మీ యాప్ "20, బాగుంది" అని రాసుకుంటుంది. మూత రంగు బొమ్మ పెట్టి అడగండి. మోతాదు ఎంతో యాప్ చెప్పకూడదు, ఆ పని మాకు వదిలేయండి.

ఇంకొక్కటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది. షుగర్ పడిపోతే ఏం చెయ్యాలో చెప్పే పేజీ మీ యాప్‌లో నాలుగు నొక్కుళ్ళ లోపల ఉంది, పైగా లాగిన్ అయితేనే తెరుచుకుంటుంది. షుగర్ 50 ఉన్న మనిషికి చేతులు వణుకుతుంటాయి, చూపు మసకగా ఉంటుంది, మెదడు సరిగ్గా పనిచెయ్యదు. ఫోన్ తీసేది ఆ మనిషే కాకపోవచ్చు, పక్కింటి పిల్లవాడు కావచ్చు. లాగిన్ లేకుండా, మొదటి స్క్రీన్ మీదే, పెద్ద అక్షరాలతో ఉండాలి: చెమటలు, వణుకు ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగండి, పావుగంటకి మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి చెయ్యండి. "హైపోగ్లైసీమియా నిర్వహణ" అని అక్కడ రాసిన మనిషెవరో నాకు చూపించండి.

---

అక్షరం_ముక్క · మంగళవారం ఉదయం 8:15

డాక్టరు గారు చెప్పిన పెద్ద అక్షరాలకి ఒక తోక. అక్షరం పెద్దది చేస్తే తెలుగు మీ డబ్బాల్లో పట్టదు. ఇంగ్లీషు ఎత్తు చూసుకుని వరస ఎత్తు ఖాయం చేశారు, అందుకే "పరగడుపున షుగర్ ఎంత?" బాగానే ఉన్నా "ఇన్సులిన్ తీసుకున్నారా" దగ్గర కింది న వత్తు సగం తెగిపోయింది. మీ ఫొటోలోనే కనిపిస్తోంది, చూసుకోండి.

పైగా పన్నెండు అక్షరాలు దాటితే మూడు చుక్కలు పెట్టే కోడ్ ఉన్నట్టుంది. కంప్యూటరు లెక్క వేరు. "స్త్రీ" మనకి ఒక అక్షరం, దానికి ఆరు ముక్కలు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. మధ్యలో కోస్తే వికారమైన సగం గుర్తు మిగులుతుంది. పేరు సగంలో తెగిన మందు కన్నా రెండు వరసల్లో వచ్చిన మందు నయం.

---

చెవితో_చదువుతా · మంగళవారం ఉదయం 11:00

నాకు చూపు లేదు, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఫోన్ వాడతాను. షుగర్ కూడా ఉంది. కళ్ళు పోయింది షుగర్ వల్లే. మీరు స్నేహితులకి ఇచ్చిన లింకు నాకూ పంపారు కాబట్టి వేసి చూశాను. మొదటి పేజీలో ఏడు బటన్లు, ఐదింటికి పేరు లేదు. "పేరు లేని బటన్, పేరు లేని బటన్" అని వినిపిస్తుంది. నవ్వు ముఖానికీ, ఏడుపు ముఖానికీ నాకు తేడా తెలీదు, ఒకరకంగా అదృష్టమే. షుగర్ వాళ్ళ కోసం చేసిన యాప్‌లో కంటిచూపు గురించి ఆలోచించకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

---

పాత_ప్రోగ్రామర్ · మంగళవారం రాత్రి 10:20

హెచ్చరికల మీద ఒక పాత సంగతి. థెరాక్-25 అని క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే యంత్రం ఉండేది. 1985 నుంచి 87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి లెక్కకు మించిన రేడియేషన్ పడింది. 1986లో టెక్సాస్‌లో టైలర్ అనే ఊళ్ళో ఆపరేటర్ ఒక అక్షరం తప్పు కొట్టి గబగబా దిద్దింది. స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. ఆ యంత్రం రోజూ ఏదో ఒక నంబరు చూపిస్తూ ఆగేది, పీ అనే అక్షరం నొక్కితే ముందుకెళ్ళేది. అలవాటు ప్రకారం నొక్కింది. అసలు తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, నిజమే. కానీ ఆ 54కి అర్థం తెలిసి ఉంటే రెండోసారి నొక్కేది కాదు.

మీ యాప్ రోజుకి తొమ్మిది రిమైండర్లు పంపుతోంది. నీళ్ళు తాగండి, నడవండి, శుభోదయం. పదోది "షుగర్ 58" అయినా వేలు దాన్ని పక్కకి తోసేస్తుంది.

---

యాప్_వద్దు_బాబోయ్ · బుధవారం ఉదయం 7:40

ఇంత గొడవ దేనికి? టీబీ మందులకి 99డాట్స్ అని పెట్టారు. షీటుకి ఒక అట్ట అంటించి ఉంటుంది, మాత్ర నొక్కితే వెనకాల దాగిన ఫోన్ నంబరు బయటపడుతుంది, దానికి ఉచిత కాల్ చేస్తే మందు వేసుకున్నట్టు లెక్క. డబ్బా ఫోన్ చాలు. బీహార్‌లో మొదలై 2016లో జాతీయ కార్యక్రమమైన కిల్కారి చూడండి, గర్భిణికి నాలుగో నెల నుంచి బిడ్డకి ఏడాది వచ్చేదాకా వారానికొక కాల్, మొత్తం 72. వినడమే, నొక్కేదేమీ లేదు.

---

సబ్‌సెంటర్_అక్క · బుధవారం మధ్యాహ్నం 1:15

కాల్ అయినా సరే, అన్నయ్యా. 99డాట్స్‌లో మాత్ర వేసుకుని కూడా కాల్ చెయ్యని వాళ్ళు చాలామంది తేలారు. లెక్కలో వాళ్ళు మందు మానేసినట్టు ఉంటుంది.

నా అనుభవంలో మధ్యలో ఒక మనిషి ఉంటే నడుస్తుంది. ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో ఎక్కువ కేసులు జనం ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మాట్లాడినవి కాదు, క్లినిక్‌లో మాలాంటి వాళ్ళు పక్కన కూర్చుని డాక్టరుకి కలిపినవి. ఏపీ అందులో ముందు వరసలో ఉంది. బీపీ మేం చూస్తాం, అవ్వ చెప్పింది మేం డాక్టరుకి అర్థమయ్యేలా చెబుతాం. "కడుపులో దేవుతోంది" అంటే ఏమిటో ఏ డబ్బాలో టిక్కు పెట్టాలి చెప్పండి.

---

పెన్సిల్_మొన · నాలుగు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:00

అందరికీ చెప్పకుండా మాయమైనందుకు క్షమించండి. పని జరిగింది, కొంతే.

లాగౌట్ తీసేశాం, ఫోన్ లాక్ చాలు. తొమ్మిది రిమైండర్లలో ఏడు పోయాయి, మిగిలిన రెండూ "టిఫిన్ చేశారా?", "రాత్రి భోజనం అయిందా?" అని అడుగుతాయి. అయిందంటేనే మందు మాట వస్తుంది, లాక్ స్క్రీన్ మీద ఏ పేరూ ఉండదు. ముఖాలు తీసేశాం. పడిపోయిన షుగర్ పేజీ లాగిన్ లేకుండా మొదట్లోనే ఉంది, డాక్టరు గారి మాటలే దాదాపు అలాగే పెట్టాం. టాక్‌బ్యాక్ పేర్లు సగమే అయ్యాయి. మీటరు ఫొటో తీస్తే అంకె దానంతటదే ఎక్కేలా చేశాం గానీ వంటింటి వెలుతురులో 7ని 1గా చదువుతోంది. అందుకే ఆ అంకెని పెద్దగా చూపించి "ఇదేనా?" అని అడుగుతున్నాం. ఇన్సులిన్ స్క్రీన్ పూర్తిగా తీసి పక్కన పెట్టాం. మూతల బొమ్మలతో కొత్తది వచ్చేదాకా అది ఉండదు.

ఈసారి పరీక్ష ఆఫీసులో చెయ్యలేదు. తెనాలిలో మా వీధిలో ఆరుగురు, వాళ్ళ ఇళ్ళలో, తెల్లవారుజామున, వారం రోజులు. ఒకావిడ కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అని వెతకడమే పావుగంట. ఎస్‌యూఎస్ ఫారం ఇవ్వలేదు. ఇచ్చుంటే అందరూ "బాగుంది బాబూ" అని పదికి పది వేసేవాళ్ళు, కాఫీ కూడా ఇచ్చారు మరి.

నీలాంబరి గారూ, కుటుంబానికి పంపడం ఇప్పుడు ముందే ఆన్‌లో ఉండదు. "మీ రీడింగులు ఎవరికి చూపించాలి?" అని తెలుగులో అడుగుతుంది, పేర్లు ఎంచుకోవాలి. అమ్మ డాక్టరు గారిని ఎంచుకుంది, అక్కని ఎంచుకుంది. నన్ను ఎంచుకోలేదు. సర్వర్‌లో చూసే దారి కూడా మూసేశాం కాబట్టి ఎక్కిస్తోందో లేదో నాకు తెలీదు. అక్కని అడిగితే "అమ్మనే అడుగు" అంది.

---

నీలాంబరి · శనివారం రాత్రి 9:20

అడిగారా మరి?

---

పెన్సిల్_మొన · శనివారం రాత్రి 9:26

అడిగాను. ఈరోజు పరగడుపున 171 అంట. అట్లతద్ది రోజు తిన్న అట్లు ఇంకా దిగలేదు అని తనే చెప్పింది.

---

వరంగల్_మందులషాపు · శనివారం రాత్రి 10:05

మందు పేరు టైప్ చెయ్యమనే స్క్రీన్ సంగతి ఏమైంది? షీటు కత్తిరించినప్పుడు పేరున్న ముక్క ఎటు పోవాలో మీరు తేల్చి చెబితే నేను కత్తెర అటు పెడతా.